తొమాతె నుంచి టమోటా దాకా

“టమోటా అంటే ఏమిటండీ” అని ఎవరైనా అడిగితే మీరు వాళ్లను ఎగాదిగా చూస్తారు. పొద్దున పప్పులోకి, మధ్యాహ్నం చారులోకి, రాత్రి దోసెల్లోకి పచ్చడిగా మన వంటింట్లో తిరుగుతూనే ఉంటుంది గదా, దానికి మళ్లీ అర్థం చెప్పడమేమిటి అనిపిస్తుంది. కాని సోదరీమణులారా, చెప్పబోతే ఇది అంత తేలికైన పని కాదు. మాటా మనది కాదు, మొక్కా మనది కాదు. రెండూ సముద్రాలు దాటి వచ్చి మన పొయ్యి దగ్గర స్థిరపడ్డాయి. ఆ వచ్చిన దారి కాస్త చెప్పుకుందాం.

అమెరికాలో ఉన్న మన పిల్లల పిల్లలు చాలామంది అక్కడి బళ్లలో స్పానిష్ భాష చదువుకుంటున్నారు. శెలవులకు వచ్చినప్పుడు వాళ్లనడగండి. స్పానిష్‌లో టమోటాను “తొమాతె” అంటారు, అది పుంలింగం, ముందు “ఎల్” చేర్చి “ఎల్ తొమాతె” అనాలి, ఎక్కువైతే “లోస్ తొమాతెస్” అని గడగడా ఒప్పజెబుతారు. కాయకు పుంలింగమేమిటని మీరు విస్తుపోవద్దు. ఆ భాషలో కుర్చీకీ గోడకీ కూడా ఆడో మగో ఏదో ఒకటి ఉండాల్సిందే. పాఠం బాగానే ఉంది. కాని ఆ పాఠం నమ్ముకుని మెక్సికో నగరంలో కూరగాయల బజారుకు వెళ్లి “తొమాతె ఇవ్వండి” అంటే, ఎర్రటి టమోటాలు రావు. పలచని కాగితంలాంటి తొడుగులో ఉండే పచ్చని గుండ్రటి కాయలు తూచి ఇస్తారు. ఎర్రవి కావాలంటే “హితొమాతె” అనాలి. స్పెయిన్‌లో తొమాతె అంటే ఎర్రది, మెక్సికో నడిబొడ్డున తొమాతె అంటే పచ్చది! భాష ఒకటే, మాట ఒకటే, సంచీలో పడే కాయ వేరు.

ఎందుకిలా అయింది? అసలు ఇది స్పానిష్ మాట కాదు గనుక. మెక్సికోలో తెల్లవాళ్లు అడుగుపెట్టక ముందు నుంచీ ఉన్న నావాత్ల్ భాషలో “తొమత్ల్” అనే మాట ఉంది. ఆ “త్ల్” స్పెయిన్ వాళ్ల నాలుకకు పట్టక “తె” అయింది. తొమత్ల్ తొమాతె అయినట్లే త్సపొత్ల్ సపోతె అయింది. మనం ఫ్రిజ్‌లో పెట్టుకుని తినే సపోటా ఆ మాట చుట్టమే. వాళ్లు మొక్కజొన్న రుబ్బుకునే రాతికి మెతత్ల్ అని పేరు, స్పానిష్‌లో అది మెతాతె. మన సన్నికల్లును చూస్తే మెక్సికో ఆడవాళ్లు “ఇదీ మెతాతే” అంటారేమో!

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. తొమత్ల్ అంటే ఒక్క కాయ పేరు కాదు, ఒక జాతి పేరు. గుండ్రంగా, రసంగా, లోపల గింజలతో ఉండే కాయలన్నీ తొమత్ల్‌లే. ఏ తొమత్లో ముందు ఒక ముక్క చేర్చి చెప్పేవారు. ఎర్రగా పండేది షితొమత్ల్. తొడుగులో కాసే పచ్చది మిల్తొమత్ల్, అంటే పొలం తొమత్ల్. మనం వంకాయ, బెండకాయ, దోసకాయ అంటూ “కాయ” ముందు మాట చేర్చుకోమూ, అలాగన్నమాట. 1521లో ఎర్నాన్ కోర్తెస్ సేనలు అస్తెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ను పట్టుకున్నాక, స్పెయిన్ వాళ్లు ఈ కాయల్ని చూసి ముందున్న ముక్క వదిలేసి వెనకున్న జాతిపేరు మాత్రం ఇంటికి పట్టుకెళ్లారు. ఎవరో పరాయివాడు మన ఊరొచ్చి వంకాయను పట్టుకెళ్లి తన దేశంలో దానికి “కాయ” అని పేరు పెట్టినట్లుంది వ్యవహారం. మెక్సికో నగరం చుట్టుపట్ల మాత్రం పాత తేడా చావలేదు. షితొమత్ల్ హితొమాతెగా, తొడుగు కాయ తొమాతెగా ఇప్పటికీ బజారులో పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి.

ఆ రోజుల బజారు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే బెర్నార్దీనో దె సాగూన్ అనే క్రైస్తవ సన్న్యాసి పుణ్యం చెప్పుకోవాలి. ఆయన 1529లో మెక్సికో వెళ్లి, నావాత్ల్ భాష నేర్చుకుని, అక్కడి పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి, వాళ్ల జీవితమంతా వాళ్ల భాషలోనే రాయించాడు. అందులో టమోటాలు అమ్మేవాళ్ల గురించి కూడా ఉంది. పెద్దవి, చిన్నవి, తియ్యనివి, ఆకు తొమత్ల్, పాము తొమత్ల్, ఇసుక తొమత్ల్ — ఇన్ని రకాలు వేరు వేరు పేర్లతో అమ్మేవారట. అంతటితో ఆగలేదు. మంచి అమ్మకందారు ఎలా ఉంటాడు, చెడ్డవాడు ఎలా ఉంటాడు అన్నది కూడా చెప్పారు. చెడ్డవాడు చితికినవీ, కుళ్లినవీ, తింటే కడుపు పాడుచేసేవీ అంటగడతాడట! అయిదువందల ఏళ్ల నాటి ఈ మాట చదువుతుంటే, మీ వీధి చివర బండివాడు తూకంలో అడుగున ఉన్నవి వేసే సంగతి గుర్తుకు రాలేదూ?

మరొక సన్న్యాసి, అలోన్సో దె మోలీనా, 1571లో నావాత్ల్–స్పానిష్ నిఘంటువు అచ్చువేయించాడు. తొమత్ల్‌కు ఆయన ఇచ్చిన అర్థం నాకు ఎంతో నచ్చింది. రంగు చెప్పలేదు, ఆకారం చెప్పలేదు. కూరల్లో, పచ్చళ్లలో పులుపుకు వాడే ఒక కాయ అన్నాడు. అంతే. వంట చేసే చేతిని చూసి రాసిన అర్థమది. ఈ కాయకు తరువాత ఎన్ని దేశాలు ఎన్ని పేర్లు పెట్టినా, ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

యూరపులో పెద్దమనుషులు దీన్ని కంటితో చూసి పేర్లు పెట్టారు. ఇటలీవాళ్లు “పొమొదోరో” అన్నారు, బంగారు పండు అని. ఫ్రెంచివాళ్లు ప్రేమఫలం అన్నారు. శాస్త్రజ్ఞులు లాటిన్‌లో పెట్టిన పేరులో “తోడేలు పీచుపండు” అనే అర్థముంది. అందంగా ఉంది గాని నోట్లో పెట్టుకోవాలంటే భయం! దీని ఆకు వాసన, పువ్వు తీరు చూస్తే ఉమ్మెత్తకు చుట్టమని తెలిసిపోతుంది మరి. 1597లో జాన్ జెరార్డ్ అనే ఇంగ్లీషు ఆయన మొక్కల మీద పెద్ద గ్రంథం వేసి, స్పెయిన్ వంటి వేడి దేశాలవాళ్లు దీన్ని తింటారుగాని ఇదంత మంచి ఆహారం కాదనీ, కంపు కొడుతుందనీ తేల్చాడు. పుస్తకాలు అలా అంటూ ఉంటే వంటవాళ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయారు. 1690లలో ఇటలీలోని నేపుల్స్‌లో అచ్చయిన అంతోనియో లతీని వంటల పుస్తకంలో స్పానిష్ తరహా టమోటా పచ్చడి ఒకటుంది. పండ్లను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడు. ఒక్క వెనిగర్ తీసేస్తే మనం రోట్లో వేసే కాల్చిన పచ్చడే గదా!

ఈ కాయ పండా, కూరగాయా అనే తగువు కోర్టుకు కూడా ఎక్కింది. అమెరికాలో కూరగాయల దిగుమతి మీద సుంకం ఉండేది, పండ్ల మీద లేదు. ఇది పండు గనుక సుంకం కట్టమని వ్యాపారులు వాదించారు. 1893లో అక్కడి సుప్రీంకోర్టు, వృక్షశాస్త్రం ప్రకారం పండే అయినా జనం దీన్ని భోజనంలో కూరగా తింటారే గాని చివర తీపిగా తినరు కాబట్టి కూరగాయే అని తీర్పు చెప్పింది. చూశారా, ఆఖరుకు వంటిల్లే గెలిచింది.

స్పెయిన్‌లో ఈ మాట వంటింట్లోంచి వీధిలోకి కూడా నడిచింది. సిగ్గుతో మొహం ఎర్రబడితే “తొమాతెలాగా అయిపోయాడు” అంటారు. మేజోడు మడమ దగ్గర చిరిగి గుండ్రంగా చిల్లు పడితే ఆ చిల్లును కూడా తొమాతె అంటారు. ఎర్రటి మడమ బయటకి కనబడుతుంది గదా, ఎంత చక్కని పోలిక! ఎక్కడైనా గొడవో గుట్టో ఉందనిపిస్తే “ఇక్కడ తొమాతె ఉంది” అని కళ్లెగరేస్తారు. మన “పప్పులో ఏదో ఉడుకుతున్నది” అన్న ధోరణి అన్నమాట. తోట తొమతాల్, పండించేవాడు, అమ్మేవాడు తొమతేరో, టమోటాతో కొట్టిన దెబ్బ తొమతాసో. దెబ్బకు ప్రత్యేకంగా ఒక మాట ఉందంటే ఎన్ని విసిరి ఉంటారో ఊహించుకోండి. బున్యోల్ అనే ఊళ్లో 1945లో మొదలై, ఏటా ఆగస్టులో ఒకరి మీద ఒకరు టమోటాలు విసురుకునే పండుగ ఒకటి జరుగుతున్నది. అన్నం విలువ తెలిసిన మనకు అది చూస్తే చేతులు పీకుతాయి, నా మట్టుకు నాకు సరదా అనిపించదు.

సరే, ఇక మన దగ్గరకు వద్దాం. మొక్కను మన దేశానికి తెచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లని చెబుతారు. వాళ్ల భాషలోనూ ఇది తొమాతే. మరి మాట కూడా వాళ్లే ఇచ్చారా? నా ఉద్దేశంలో ఇవ్వలేదు. పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన బొత్తాం, తువ్వాలు, ఇస్త్రీ లాంటి మాటల్లో మెత్తని “త” అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషు నుంచి వచ్చిన టిక్కెట్టు, టీ, కోటు లాంటివాటిలో గట్టి “ట” ఉంది. మన టమోటాలో ఉన్నది రెండూ “ట”లే. మరాఠీవాళ్ల బటాటాలాగా ఈ లెక్కకు లొంగనివి కొన్ని ఉన్నాయి గాని, మన టమోటా ఇంగ్లీషు దొరల తోటల మీదుగా వచ్చిందనే నాకు అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు మొదట స్పానిష్‌లాగే “తె”తో ముగించి రాసి, తరువాత పొటాటో ప్రాసలో పడి “టొమాటో” చేశారు. మనం ఆ చివరి “ఓ”ను కూడా తీసేసి టమాటా, టమాట, టమోటా చేసుకున్నాం. ఎవరి ఊరి మాట వారిది.

మాట రాకముందు కాయను ఏమని పిలిచేవారు? అక్కడుంది మన పెద్దవాళ్ల తెలివి. కోస్తాలో “రామములగ” అన్నారు. ములగ అంటే, ములక అని కూడా అంటారు, పొలాల గట్ల మీద ముళ్లతో కాసే చిన్న వంగజాతి మొక్క. దాని చుట్టంలా ఉందని గుర్తించి, ముందు రాముడి పేరు చేర్చారు. సీతాఫలం, రామాఫలం కూడా అమెరికా నుంచి వచ్చినవేనని గుర్తు తెచ్చుకుంటే, కొత్త పండును ఇంట్లోకి రానివ్వడానికి సీతారాముల పేరు ఎలా పనికివచ్చిందో తెలుస్తుంది. బెంగాలీవాళ్లు, ఒడియావాళ్లు దీన్ని విలాయతి వంకాయ అన్నారు. తమిళులు “తక్కాళి” అన్నారు. తక్కాళి వాళ్ల పాత మాటే. మన కామంచిని వాళ్లు మణత్తక్కాళి అంటారు. చిన్న గుండ్రటి రసం కాయలకు ఉన్న ఆ జాతిపేరునే టమోటాకూ ఇచ్చారు. నావాత్ల్ వాళ్లు తొమత్ల్‌తో చేసిన పని సరిగ్గా ఇదే! ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు, భూమికి ఆ పక్కనా ఈ పక్కనా కూర్చుని, ఒకే కాయకు ఒకే పద్ధతిలో పేరు పెట్టారు.

పేరు పెట్టినంత మాత్రాన వెంటనే వండుకున్నామని కాదు. 19వ శతాబ్దం చివర జార్జ్ వాట్ అనే ఆయన మన దేశపు పంటల మీద పెద్ద కోశం తయారుచేస్తూ, దీన్ని ఎక్కువగా తెల్లవాళ్ల కోసమే పండిస్తున్నారనీ, బెంగాలీలూ బర్మావాళ్లూ పులుసు కూరల్లో వాడుతున్నారనీ రాశాడు. మళ్లీ పులుపే, చూడండి. మన ఇళ్లలో అయితే సాక్ష్యానికి పుస్తకం అక్కర్లేదు. ఆచారం పాటించే ఇళ్లలో తద్దినం వంటలోకి టమోటా రాదు, బంగాళాదుంప రాదు, క్యాబేజీ రాదు, మిరపకాయకు బదులు మిరియాలు వేస్తారు. ఏ కూర పాతది, ఏది నిన్నగాక మొన్న వచ్చింది అన్నది ఆ ఒక్కరోజు వంటలో తేదీ వేసినట్లు కనిపిస్తుంది. మిగతా 364 రోజులూ మాత్రం టమోటాదే రాజ్యం.

ఆ రాజ్యానికి రాజధాని అడిగితే మదనపల్లె పేరు చెప్పాలి. బోయకొండ గంగమ్మ దర్శనానికి వెళ్లినవాళ్లకు చౌడేపల్లె దారి తెలిసే ఉంటుంది. అక్కణ్ణించి పుంగనూరు, మదనపల్లె, అటు కుప్పం దాకా, పాత చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలన్నీ ఎత్తైన నేలలు. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకే. ఎండాకాలంలో మిగతా చోట్ల వేడికి పూత నిలవక టమోటా తోటలు ఎండిపోతుంటే, ఇక్కడ కాపు సాగుతుంది. అందుకే దేశంలోకెల్లా పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి మదనపల్లెలో వెలిసింది. క్రేట్ల కొద్దీ కాయ లారీలెక్కి దూరదేశాలు పోతుంది.

ఆ ప్రాంతపు కంచం ఒకటి చూపిస్తాను. రాగిముద్ద, పక్కన ఊరుబిండి. ఊరుబిండిలో వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, టమోటా వేసి బరకగా నూరుతారు. ఇంతకంటె మన నేల వంట ఏముంటుంది అనిపిస్తుంది గదా? ఆ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే! వాటి పేర్లు కూడా చూడండి. మిరియం పోలికతో మిరప అన్నాం. శనగ పోలికతో వేరుశనగ అన్నాం. నావాత్ల్ వాళ్లు కూడా ఆ గింజను చూసి “మట్టిలోని కకావత్ల్”, అంటే నేల కోకో అన్నారు, స్పానిష్‌లో అది కకవాతె. మూడిట్లో టమోటాకే ఇక్కడ పరాయి పేరు నిలిచింది. రామములగ అన్న మాట ఇప్పుడు పట్నాల్లో అంటే పిల్లలు మునగకాయ అనుకుంటారు. కుప్పంలో మటుకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే సంతలో కలుస్తాయి కనుక, టమోటా, తక్కాళి రెండూ ఒక్క గంప దగ్గరే వినవచ్చు.

పేరు ఒక్కటైపోవడంలో మనకు నష్టం కూడా జరిగింది. పాత నాటుకాయ గుర్తుందా? పలచని తోలు, పైన గాట్లు, చేత్తో పిసికితే చారు. రెండు రోజులకే మెత్తబడేది. ఇప్పుడు బజారులో వచ్చేది చాలావరకు గట్టి తోలు హైబ్రిడ్. క్రేటులో వందల మైళ్లు ప్రయాణం చేసినా చెదరదు, వారం ఉంటుంది. దాన్ని పుట్టించిందే అందుకు. రైతు తప్పేమీ లేదు, దూరం పోవాల్సిన కాయ గట్టిగానే ఉండాలి. కాని చారులో వేస్తే పులుపు చాలక మళ్లీ చింతపండు రెబ్బ వెతుక్కుంటున్నాం. “టమోటా పులవడం లేదు” అని మనం విసుక్కుంటే, అది వేరే కాయ అని చెప్పడానికి మనకు నాటు, హైబ్రిడ్ అనే రెండు ముక్కలే ఉన్నాయి. సాగూన్ రాయించిన బజారులో ఆడవాళ్లకు పచ్చడికి ఒక పేరు, తీపికి ఒక పేరు ఉండేవి. ఏది కావాలో అడిగి తెచ్చుకునేవారు.

చౌడేపల్లె వైపు సేద్యం చేసే ఇల్లాలిని టమోటా అంటే ఏమిటని అడిగితే రుచి సంగతి తరువాత చెబుతుంది. ముందు ధర చెబుతుంది. నారు, ఎరువు, మందులు, పాదులకు కట్టే కర్రలు, కోత కూలీ — అన్నీ అప్పు మీద నడిచేవే. కోసే కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో ధర రెండు వందల దరిదాపుల్లోకి వెళ్లింది. తోటల దగ్గర రాత్రిళ్లు కాపలా కాశారు. అదే సంవత్సరం సెప్టెంబరు వచ్చేసరికి కిలో పది రూపాయల లోపుకు దిగజారింది. కోత కూలీ కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసినవాళ్లున్నారు. రెండు నెలల తేడాలో ఒకే మాట ఒకింట్లో కూతురి పెళ్లి, ఇంకొకింట్లో తాకట్టులో పడ్డ గాజులు అయింది. ఎవరు ఏ వారం కోతకు వచ్చారన్నదే తేడా. ఏ నిఘంటువులో రాస్తారు ఈ అర్థం?

పట్నంలో మనకు ఆ జూలై మరోలా గడిచింది. పావుకిలో కొని నాలుగు రోజులు సర్దుకున్నాం, ఆ తరువాత అదీ మానేశాం. డబ్బాల అడుగున ఉన్న చింతపండు పైకి వచ్చి మళ్లీ గిన్నెల్లో నానింది. ఆ పులుపుకు బదులుగానే గదా తొమత్ల్ మన పొయ్యి ఎక్కింది! ధర దిగిన తరువాత చాలామంది మళ్లీ టమోటాకే తిరిగారు. మా ఇంట్లో మాత్రం చారు ఇప్పటికీ చింతపండుతోనే కాగుతున్నది. టమోటా పప్పులోకి పరిమితమైంది.